ఇంటికి వెళ్లినవారు

1988 ఆగస్టు 8, సోమవారం

జ్వరం వార్డు 14. పిల్లల వార్డు 3.

డాక్టర్ హైమగారు ఈ రోజు కొత్త పని మొదలుపెట్టారు. దగ్గు, జ్వరంతో చేరిన ప్రతి మనిషి గొంతులోంచి దూదిపుల్లతో తడి తీసి, ఎర్ర నీళ్లున్న గాజు గొట్టంలో వేసి, ఐసు ఫ్లాస్కులో పెట్టి ఖమ్మంలో రైలెక్కించాలి. అక్కడెక్కడో లాబరేటరీ వాళ్లు ఏ మనిషిలో ఏ వైరస్ ఉందో చెబుతారు. ఆ మనిషి ఎన్ని రోజులు మంచం మీద ఉన్నాడో, చివరికి ఏమయ్యాడో నేను చెప్పాలి. రెండూ పక్కపక్కన పెడితే ఏ వైరస్ ఎక్కువమందిని చంపుతుందో తెలుస్తుందట.

"మీ రిజిస్టరు చూశాకే ఒప్పుకున్నాను హాతీరాం గారూ. ఇంత శుభ్రంగా రాసేవాళ్లను నేను పెద్దాసుపత్రిలో కూడా చూడలేదు" అన్నారు.

నర్సు భారతమ్మ ఊరుకోదు కదా. "చూసినవా డాక్టరమ్మా, చీపురు పట్టుకొని వచ్చిండు ఈయన. మందు డబ్బాల మీద అచ్చరాలు గుర్తుపట్టుకుంట గుర్తుపట్టుకుంట నీకే లెక్కలు చెప్పేకాడికి వచ్చిండు. ఇంక రేపు నన్ను గూడ సూది ఎట్ల ఇయ్యాల్నో అడుగుతడు" అంది.

డాక్టరమ్మ నవ్వారు. ఆమె మధిర నుంచి ఇక్కడికి వచ్చి మూడు నెలలే అయింది.

ఫారాలు వచ్చాయి. చివర ఫలితం అని ఉంది. దాని కింద రెండే గళ్లు. డిశ్చార్జి, మృతి. నా రిజిస్టరులో మూడు ఉంటాయి. కోలుకున్నవాళ్లు, ఇంటికి వెళ్లినవాళ్లు, మృతి. ఇంటికి వెళ్లినవాళ్లను ఎందులో వెయ్యాలో అడుగుదామనుకున్నాను. ఆమె రౌండ్స్‌కు వెళ్లిపోయారు.

ప్రాణంతో గేటు దాటినవాళ్లు డిశ్చార్జే కదా.


ఆగస్టు 11, గురువారం

జ్వరం వార్డు 17. పిల్లల వార్డు 3. వాన.


ఆగస్టు 19, శుక్రవారం

జ్వరం వార్డు 19. పిల్లల వార్డు 2.

ఇల్లందు నుంచి వచ్చిన ముసలాయన పొద్దున తొమ్మిదింటికి పోయాడు. బొగ్గు గనిలో చేసి రిటైరైన మనిషి. ఆయాసంతో వచ్చి ఆరు రోజులున్నాడు. ఇద్దరు కొడుకులూ దగ్గరే ఉన్నారు. వాళ్ల జీపు గేటు ముందే ఉంది. ఏడ్చారు, పడుకోబెట్టుకుని తీసుకుపోయారు. పన్నెండు లోపల ఇల్లు చేరి ఉంటారు.

ఈ జ్వరంతో వార్డులో పోయినవాళ్లు ఇప్పటికి నలుగురు. అందరూ టౌను వాళ్లే. టౌను వాళ్లు చివరిదాకా ఉంచుతారు.


సెప్టెంబర్ 13, మంగళవారం

జ్వరం వార్డు 8. పిల్లల వార్డు 9.

జ్వరం తగ్గుతోంది. పసిపిల్లలు రావడం మొదలైంది. ఇది వేరే రకం. జ్వరం పెద్దగా ఉండదు. ముక్కు కారుతుంది, మూడో రోజుకు పిల్లికూతలు, నాలుగో రోజుకు డొక్కలు ఎగరేస్తారు. అందరూ ఏడాది లోపువాళ్లే. అందరూ తండాల నుంచీ, లోపలి గూడేల నుంచీ వస్తున్నారు.

దేవ్లా కొడుకు, నాలుగు నెలలవాడు, పొద్దుటి నుంచి పాలు ముట్టలేదు. మూడు గంటలకు పెదాలు నీలంగా మారాయి. ఆపరేషన్ గదిలోని పాత ఆక్సిజన్ సిలిండరు పొద్దుననే అయిపోయింది. దేవ్లా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. మా తండావాళ్లు నా ముఖం చూసి తెలుసుకుంటారు.

"నాలుగున్నరకు బస్సుంది" అన్నాను, మా లంబాడీ మాటలో.

అంతే అన్నాను.

వాళ్లు సర్దుకున్నారు. భారతమ్మ వేలిముద్ర తీసుకుంది. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉన్నారు. బయటికి వచ్చాక అడిగారు.

"మంచం ఖాళీగా ఉందేమిటి?"

"ఇంటికి పోతామన్నారమ్మా."

"కాస్త తేలికపడ్డాడా?"

నేను రిజిస్టరు మూస్తున్నాను. డాక్టరమ్మ ఇంకో మంచం దగ్గరికి వెళ్లారు.

నేను ఎవరినీ పొమ్మనలేదు. బస్సు టైము చెప్పాను.


సెప్టెంబర్ 14, బుధవారం

నిన్నటిది ఆలోచిస్తే కొత్తదేమీ కాదు. పదకొండేళ్లుగా చెబుతున్నాను. మొదటిసారి చెప్పకపోవడం వల్లనే తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. ఆ ఏడు ఒక తల్లి, పేరు గుర్తులేదు, పిల్ల ఐదింటికి పోయింది. బస్సు పోయింది. శవాన్ని బస్సు ఎలాగూ ఎక్కించుకోదు. జీపువాళ్లు శవమంటే రానన్నారు. పద్నాలుగు మైళ్లు ఎత్తుకుని నడిచారు. దారిలో రెండు ఊళ్లవాళ్లు వీధిలోంచి పోనివ్వలేదు, చేలల్లోంచి తిప్పారు. పెళ్లికాని బిడ్డను మేము మట్టిలో పెడతాము, అదీ పొద్దు కుంకక ముందు. వాళ్లు చేరేసరికి తెల్లవారింది. తండా నాయకుడు లోపలికి తేనివ్వలేదు. ఆ తల్లి తర్వాత ఎప్పుడూ ఇటు రాలేదు.

అప్పటి నుంచి, ఇక నిలవదు అనిపించినప్పుడు, బస్సు టైము చెబుతాను. ఒడిలో ప్రాణం ఉండగా బస్సెక్కితే ఎవరూ అడ్డం చెప్పరు. ఇల్లు చేరుతారు.

నాకు చూస్తే తెలుస్తుంది. పదకొండేళ్లు చూశాను.


సెప్టెంబర్ 27, మంగళవారం

జ్వరం వార్డు 5. పిల్లల వార్డు 12. ఇద్దరు ఇంటికి.


అక్టోబర్ 4, మంగళవారం

జ్వరం వార్డు 3. పిల్లల వార్డు 12. ఒకరు కోలుకున్నారు. ఒకరు ఇంటికి. పూలి కూతురు, అయిదు నెలలది. తల నిలపలేకపోయింది. చెప్పాను.


అక్టోబర్ 18, మంగళవారం

జ్వరం వార్డు 3. పిల్లల వార్డు 7.

లాబరేటరీ నుంచి జాబితా వచ్చింది. టైపు చేసిన నాలుగు కాగితాలు. డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె పేరు చదివితే నేను ఫలితం చదవాలి. రెండు గంటలు పట్టింది. చివరికి ఆమె ఒక కాగితం మీద రాశారు.

ఇన్‌ఫ్లుయెంజా: 31 మంది. మృతి 6.
ఆర్.ఎస్. వైరస్: 27 మంది. మృతి 1.

అమ్మ అంకెలు మళ్లీ లెక్కపెట్టారు. "పుస్తకాల్లో వేరేగా ఉంటుంది. ఈ రెండోది పసిపిల్లల ప్రాణాల మీదికి తెస్తుందని రాస్తారు. మన దగ్గర ఇలా వచ్చింది. మన అడవి గాలి మంచిదేమో, తల్లిపాల వల్లనేమో" అన్నారు. కాగితం మడిచి, "మన లెక్క మనం నమ్మాలి కదా" అన్నారు.

ఆ ఇరవై ఏడులో ఇంటికి వెళ్లినవాళ్లు పదకొండు మంది. ఫారంలో వాళ్లు డిశ్చార్జి గడిలో ఉన్నారు.

నేను చెప్పబోయాను. ఏం చెప్పాలో కూడబలుక్కునే లోపల అమ్మ టీ తెప్పించారు.


అక్టోబర్ 21, శుక్రవారం

నిన్న పండగ, సెలవు. ఈ రోజు కమిటీ. మేనేజరు చెంచురామయ్యగారు, డాక్టరమ్మ, ట్రస్టు వాళ్లు ఇద్దరు. ఊపిరి అందని రోగుల కోసం ఒక దాత డబ్బు ఇచ్చాడు. ఒక్క వార్డుకే సరిపోతుంది. జ్వరం వార్డుకు పెద్ద సిలిండరు, ముసుగులు తెప్పించాలా, పిల్లల వార్డుకు తలకు పెట్టే గాజు డబ్బా, కఫం లాగే మిషను తెప్పించాలా అన్నది మాట.

నన్ను రిజిస్టరుతో పిలిచారు. చెంచురామయ్యగారు కళ్లజోడు పైకి తోసి అడిగారు.

"ఒకడు ఆరుగురిని మింగాడు. ఇంకొకడు ఒక్కణ్ణి. ఇందులో ఆలోచించేదేముంది డాక్టరుగారూ? ఏమయ్యా హాతీరాం, అంకె కరెక్టేనా?"

"నేను రాసిన ప్రకారం కరెక్టేనండీ" అన్నాను.

జ్వరం వార్డు అని తీర్మానం రాశారు. నేనే రాశాను. నా చేతిరాత బాగుంటుందని నాతోనే రాయిస్తారు.


అక్టోబర్ 22, శనివారం

నేను అబద్ధం రాయలేదు. గేటు దాటినప్పుడు పదకొండు మందికీ ఊపిరి ఉంది.


అక్టోబర్ 23, ఆదివారం

మద్దులతండా, ఎర్రమట్టితండా. రెండింటికీ నడిచాను. ఎవరికీ చెప్పలేదు. పదకొండు పేర్లూ ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

దేవ్లా చేలో ఉన్నాడు. నన్ను చూసి కర్ర కింద పెట్టి వచ్చాడు. "బస్సులనే పోయిండు కాకా. వాని తల్లి ఎవ్వలికి చెప్పలే. పాలిచ్చుకుంటున్నట్టు కొంగు కప్పుకొని కూసుంది. పొద్దుండంగ దిగినం" అన్నాడు. నా చేతులు పట్టుకున్నాడు. "నీ పుణ్యం. లేకుంటే ఆ దారిల తిప్పలు పడుదుము."

కల్లు తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను.

రెండు తండాల్లో ఆరుగురు. అందులో అయిదుగురు లేరు. ఒకడు ఉన్నాడు. హరిలాల్ కొడుకు. పాకుతున్నాడు. నా చెప్పు పట్టుకుని లాగాడు. వాళ్ల నాయనమ్మ ఆవనూనె రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టి, మూడు రోజులు నిలువుగా ఎత్తుకుని తిరిగిందట. "మీ దవాఖానల కంటె మా ముసల్ది నయం" అని హరిలాల్ నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగి వస్తూ దారిలో నవ్వు గుర్తొచ్చి ఆగిపోయాను. వాడికి కూడా నేను బస్సు టైము చెప్పాను. వాడు నిలవడని నాకు తెలిసింది కదా.


అక్టోబర్ 30, ఆదివారం

మిగిలిన మూడు తండాలు. అయిదు పేర్లు. ఒక్క ఆడపిల్ల బతికి ఉంది. నలుగురు లేరు. ముగ్గురు ఆ రోజే పోయారు.

నాలుగోది పూలి కూతురు.

పూలి గడప దగ్గర జొన్నలు చెరుగుతోంది. నన్ను కూర్చోమంది. చాట ఆపలేదు.

"ఆ పొద్దు ఇంటికొచ్చినంక కండ్లు తెరిచింది కాకా. తెల్లారి పాలు తాగింది. మూడు దినాలు తాగింది. మా యత్త అన్నది, దవాఖానల ఊకెనే భయపెట్టిన్రు అని. నాలుగో దినం మల్ల డొక్కలెగరేసింది. బస్సు లేదు, వాగు వచ్చింది."

చాట ఆగింది.

"నేను ఒక్క మాట అడుగుత కాకా, కోపం జెయ్యకు. ఆ మూడు దినాలు మీ కాడనే ఉంటే ఏమన్న అయితుండెనా?"

"ఏమో తల్లీ" అన్నాను.

"గదే. నీకే తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తది" అంది, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.


అక్టోబర్ 31, సోమవారం

జ్వరం వార్డు 2. పిల్లల వార్డు 6.


నవంబర్ 1, మంగళవారం

జ్వరం వార్డు 2. పిల్లల వార్డు 6.

మూడు రోజులు పాలు తాగింది.


నవంబర్ 9, బుధవారం

దీపావళి. తండాకు పోలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది.


నవంబర్ 14, సోమవారం

డాక్టరమ్మకు చెప్పాను. చీటీ ముందు పెట్టాను. ఇంటికి వెళ్లిన పదకొండు మందిలో తొమ్మిది మంది చనిపోయారు, ఇద్దరున్నారు, నేను చూసి వచ్చాను అన్నాను. కాబట్టి రెండో వైరస్‌కు మృతి ఒకటి కాదు, పది. ఇరవై ఏడులో పది.

అమ్మ చీటీ చేతిలోకి తీసుకున్నారు. "చచ్చిపోయేవాళ్లను తీసుకెళ్లిపోతారా? ఎందుకు?"

బస్సు సంగతి, శవం సంగతి, మట్టి సంగతి చెప్పాను.

"వాళ్లకెలా తెలుస్తుంది హాతీరాం గారూ, ఇక ఆ పూటే అని?"

"తెలుస్తుందమ్మా."

"మీరెప్పుడూ ఆపలేదా?"

"పోతామంటే ఎట్లా ఆపుతామమ్మా" అన్నాను.

అమ్మ నా ముందే లాబరేటరీకి ఉత్తరం రాశారు. తప్పు తనదేనని రాశారు. రిజిస్టరులోని మూడో గడి ఫారంలో ఎందుకు లేదో తాను అడగాల్సిందని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఉత్తరం నేనే పోస్టు చేశాను.

బస్సు టైము సంగతి ఇంకోసారి చెప్పవచ్చు. ఉత్తరానికి దానితో పని లేదు.


నవంబర్ 29, మంగళవారం

జ్వరం వార్డు 1. పిల్లల వార్డు 8.

జవాబు వచ్చింది. ఆసుపత్రి బయట, డాక్టరు చూడని మరణాలను లెక్కలోకి తీసుకోవడం కుదరదట. ఊళ్లో వాళ్లు చెప్పిన మాటను బట్టి ఫలితం మార్చడం పద్ధతి కాదట. ఫారంలో ఉన్నదే ఉంటుంది.

అమ్మ ఆ కాగితం తీసుకుని చెంచురామయ్యగారి దగ్గరికి వెళ్లారు. నేను వరండాలో ఉన్నాను. ఆయన గొంతు పెద్దది.

"ఆర్డరు పోయిందండీ. సామాను లారీలో ఉంది. అయినా వాడు రాసిందే కదా మనం చదివాం? ఇప్పుడు వాడే వచ్చి కాదంటే దాతకు నేనేం చెప్పను? మీ ప్యూను నడిచొచ్చి చెప్పాడని చెప్పమంటారా?"

నేను ప్యూనును కాను. అయినా ఆయన అన్నదాంట్లో తప్పులేదు.


డిసెంబర్ 2, శుక్రవారం

సామాను దిగింది. నా ఎత్తు సిలిండరు. మూడు ముసుగులు. జ్వరం వార్డులో ఇప్పుడు రోగులు లేరు. ఆ జ్వరం కాలం దాటింది. పిల్లల వార్డు 9.

భారతమ్మ సిలిండరు చుట్టూ తిరిగి, "కొత్త పెండ్లికొడుకు లెక్క నిలబడ్డది. పెండ్లిపిల్లనే లేదు" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.


డిసెంబర్ 6, మంగళవారం

పిల్లల వార్డు 9. సాయంత్రానికి 8.

రూప్లి కూతురు. మూడు నెలల పది రోజులు. నిన్న చేరింది. మధ్యాహ్నానికి డొక్కలు లోపలికి పీక్కుపోయాయి. డాక్టరమ్మ, నేను, భారతమ్మ కలిసి పెద్ద సిలిండరును జ్వరం వార్డు నుంచి దొర్లించుకుంటూ తెచ్చాము. ముసుగు పెద్దది. పిల్ల నుదుటి నుంచి గొంతు దాకా కప్పేసింది. గాలి పక్కల నుంచి పోతోంది. డాక్టరమ్మ ముసుగు తీసేసి గొట్టాన్ని చేత్తో ముక్కు దగ్గర పట్టుకుని కూర్చున్నారు. గంటన్నర కదలలేదు.

నాలుగు గంటలకు రూప్లి మొగుడు చందూలాల్ నా దగ్గరికి వచ్చాడు. నా ముఖం చూశాడు. నేను గోడ వైపు తిరిగాను. అప్పుడు నోరు తెరిచి అడిగాడు. పదకొండేళ్లలో నన్ను నోటితో అడిగిన మొదటి మనిషి.

"కాకా, బస్సుకు పోవాల్నా?"

పూలి కూతురు మూడు రోజులు పాలు తాగింది. ఈ పిల్లకు డాక్టరమ్మ చెయ్యి ఉంది, గాలి ఉంది.

"ఉండు" అన్నాను.

"నిలుస్తదా?"

"ఉండండి. పోవద్దు."

"నువ్వు మనోనివి కాకా. నువ్వు చెప్పినంక ఇంకేముంది" అని లోపలికి పోయాడు.

నాలుగున్నర బస్సు హారను కొట్టింది. ఎప్పుడూ గేటు దగ్గర కాసేపు ఆగుతుంది. ఆగింది. పోయింది.

పిల్ల అయిదుంపావుకు పోయింది.

జీపు కోసం భారతమ్మ తానే రోడ్డు మీదికి వెళ్లింది. ఇద్దరిని అడిగింది, రానన్నారు. డాక్టరమ్మ చెంచురామయ్యగారి కారు అడిగారు. ఆయన మధిర వెళ్లారు. రూప్లి ఏడవలేదు. పిల్లను పాత చీరలో చుట్టుకుంది. చందూలాల్ మూట భుజాన వేసుకున్నాడు. నేనూ వస్తానన్నాను.

"వద్దు కాకా" అన్నాడు. ఆ ముక్కలో కోపం కూడా లేదు.

రోడ్డు మీద వాళ్లు చీకటి పడేలోపల కనిపించినంత దూరం కనిపించారు.

పిల్లల వార్డులోని తల్లులందరూ కిటికీల దగ్గర నిలబడి చూశారు.

రిజిస్టరులో మృతి అని రాశాను.


డిసెంబర్ 7, బుధవారం

పొద్దున తొమ్మిది గంటల బస్సుకు ఎనిమిది మంది తల్లులూ సర్దుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ముందే మాట్లాడుకున్నట్టుగా, ఒకేసారి.

వాళ్లలో ఇద్దరు పిల్లలకు ఇంకా నీలం పోలేదు. మిగతావాళ్లు తేరుకుంటున్నారు. సోమ్లి కొడుకు నిన్ననే మళ్లీ పాలు తాగాడు. ఇంకో రెండు రోజులు ఉంటే చాలు. చేతులు అడ్డం పెట్టాను. నేను జన్మలో ఎవరికీ చేతులు అడ్డం పెట్టలేదు.

"ఉండు సోమ్లీ. వీనికి నయమైతున్నది. రెండు దినాలు."

"నిన్న రూప్లికి గూడ ఉండుమన్నవు" అంది సోమ్లి.

"ఇది వేరే."

"నీకెట్ల తెలుసు కాకా?" అంది. ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. పిల్లవాడి తల మీద కొంగు సర్దుకుంటూ జవాబు కోసం ఆగింది.

బస్సు వచ్చింది.

డాక్టరమ్మ ఓపీ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గేటు ఖాళీగా ఉంది. "అందరూనా? నీలంగా ఉన్నవాళ్లు కూడానా? ఎందుకు పోయారు?" అన్నారు.

అప్పుడు చెప్పాను. పదకొండేళ్ల సంగతి మొత్తం. ఎవరికి, ఏ పూట, ఏమని చెప్పానో. పదకొండు మంది తమంతట తాము పోలేదని, నేను పంపానని. పంపాను అన్న మాట ఇదే మొదటిసారి అన్నాను. నిన్న మాత్రం ఉండమన్నానని, అందుకే ఈ రోజు ఎనిమిది మందీ పోయారని కూడా చెప్పాను.

అమ్మ వరండా మెట్టు మీద కూర్చున్నారు. "ఉత్తరం రాసిన రోజు నా పక్కనే నిలబడ్డారు" అన్నారు.

"అవునమ్మా."

"ఆ ఇద్దరు బతికినవాళ్లను కూడా మీరే పంపారు."

"అవునమ్మా."

"అంటే మీకు తెలియదన్నమాట. ఎవరు పోతారో, ఎవరుంటారో."

"తెలియదమ్మా."

నన్ను తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లారు. ఖాళీ మంచాల మధ్య నిలబడి దుప్పట్లు తానే మడతపెట్టారు. నేను సాయం వెళితే, "మీరు జ్వరం వార్డు చూసుకోండి" అన్నారు.


డిసెంబర్ 8, గురువారం

జ్వరం వార్డు 0. పిల్లల వార్డు 0.


డిసెంబర్ 12, సోమవారం

జ్వరం వార్డు 1. పిల్లల వార్డు 0.

లోపలి తండాల్లో దగ్గు ఇంకా ఉందట. భారతమ్మ సంతలో విన్నది. పిల్లల్ని ఇటు తేవడం లేదు. డాక్టరమ్మ మందులు సంచిలో వేసుకుని రెండు తండాలకు వెళ్లి వచ్చారు. తలుపులు తీయలేదట. నేను వెంట వస్తానని అడగలేదు, ఆమె రమ్మనలేదు.


డిసెంబర్ 17, శనివారం

జ్వరం వార్డు 1. పిల్లల వార్డు 0.

సోమ్లి మొగుడు మంగీలాల్ మందుల కిటికీ దగ్గరికి వచ్చాడు. నన్ను చూసి వెనక్కి పోబోయి, మళ్లీ వచ్చాడు. నడుం నొప్పికి బిళ్లలు కావాలన్నాడు. ఇచ్చాను. కాగితంలో చుట్టి ఇచ్చాను. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. పోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను రిజిస్టరులో తేదీ వేశాను.

పిల్లవాడెట్లా ఉన్నాడని అడగాలి. నేను అడుగుతాననే నిలబడ్డాడనుకుంటాను. చెబితే విందామని కూడా అనిపించింది. అతని ముఖం చూస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

అడిగితే, చెప్పింది రిజిస్టరులో రాయాలి.

"పోతున్న కాకా" అన్నాడు. తల ఊపాను.